తూటా పేరు తర్వాత, ముందు దూరం చెప్పండి

నవంబరు మొదటి శనివారం మన టెక్సస్‌లో జింకల వేట సీజన్ మొదలవుతుంది కాబట్టి ఆలోపే ఒకటి ఒప్పేసుకుంటున్నా. పోయినేడు మన షాపులో మీలో చాలామందికి నేను తప్పు తూటాలు అమ్మాను. నాసిరకం కాదు, పాత సరుకూ కాదు, మంచి కంపెనీవే, ఖరీదైనవే. మీరు కాల్చే దూరానికి మాత్రం అవి కావు.

ఎలా జరిగిందంటే, షాపులోకి వచ్చిన ప్రతి రెండోవాడూ వీడియోలు చూసొచ్చి 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కావాలంటున్నాడు, అది వెయ్యి గజాలు కొడుతుంది అంటున్నాడు, నేనూ ఊపులో డిస్ట్రిబ్యూటర్ దగ్గర లాంగ్ రేంజ్ బాక్సులు పెద్ద లాట్ తీసేసుకున్నా. సరుకు కదలాలి కదా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అవే చూపించా. సీజన్ అయిపోయాక మన పాత కస్టమర్ ఒకాయన వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. జింక అరవై గజాల్లో నిలబడింది, గుండు భుజానికి తగిలింది, తగిలి లోపల ముక్కలు ముక్కలైంది. జింక అక్కడే పడిపోయింది గానీ ముందు భాగం మాంసమంతా నెత్తురు గడ్డకట్టి ఎముక ముక్కలతో నిండిపోయింది. "అన్నా, సగం జింక పారేశాను" అన్నాడు. తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

తప్పు తూటాది కాదు. దూరపు వేట కోసం చేసే గుండు, అంత దూరం వెళ్ళి వేగం తగ్గిపోయాక కూడా ఒంట్లో విచ్చుకోవాలి, అందుకే మెత్తగా చేస్తారు, కొన్నయితే సెకనుకి 1,600 అడుగులకి పడిపోయినా విచ్చుకుంటాయి. అదే గుండు గొట్టంలోంచి 2,700 అడుగుల వేగంతో బయటికొచ్చి అరవై గజాల్లోనే గట్టి ఎముకకి తగిలితే, ఆ మెత్తదనం తట్టుకోలేదు. దీనికి తిరగేసిన కథ రాగి గుండ్లది. దగ్గర్లో అద్భుతం, ముక్కలవదు, లోతుగా దిగుతుంది. కానీ చాలా రకాలకి విచ్చుకోడానికి 1,800 నుంచి 2,000 అడుగుల వేగమైనా మిగలాలి. పొట్టి గొట్టం రైఫిల్‌తో దూరం కొడితే సూదిలా దూరి అవతలికి పోతుంది, జంతువు గాయంతో పొదల్లోకి పోతుంది, మీరు టార్చిలైటు పట్టుకుని రాత్రంతా వెతుకుతారు.

నిజంగా మనవాళ్ళు ఎక్కడ కాలుస్తున్నారో ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. ఎక్కువమంది ఎవరిదో రాంచ్‌లో బ్లైండ్‌లో, అంటే దాక్కునే గుడిసెలో కూర్చుని, వంద గజాల్లో మొక్కజొన్న ఫీడర్ పెట్టుకుని కాల్చేవాళ్ళే. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లోకి వెళ్ళేవాళ్ళకి వంద గజాలు కూడా కనబడదు. వీళ్ళకి 308 తూటాలో 150 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే గుండు బరువు లెక్క) మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే మెత్తని సీసం మొనది చాలు, భుజానికి గురిపెట్టే అలవాటుంటే బాండెడ్ రకం తీసుకోండి. అందులో సీసం, పైనున్న రాగి తొడుగు అతుక్కుని ఉంటాయి, విడిపోవు. దట్టమైన అడవికైతే 1895 నాటి 30-30 తూటా ఇప్పటికీ బంగారం, 150 గజాల లోపు దాన్ని తక్కువ చేయడానికి లేదు. ఒక్కటే జాగ్రత్త, తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలిచే ట్యూబ్ మ్యాగజైన్ ఉన్న లివర్ రైఫిల్‌లో కోసుగా, గట్టి మొన ఉన్న తూటాలు వేయకండి, ఒకదాని మొన ముందున్నదాని ప్రైమర్‌ని, అంటే దెబ్బ తగిలితే పేలే మందుబిళ్ళని తాకుతూ ఉంటుంది. మొన చదునుగా ఉన్నవో, దానికోసమే చేసిన మెత్తని ప్లాస్టిక్ మొనవో అడగండి.

లాంగ్ రేంజ్ బాక్స్ విలువ తెలిసేది 300 గజాల దగ్గర, పశ్చిమ టెక్సస్ మైదానాల్లో. 308ని వంద గజాలకి గురి సరిచేసుకుంటే, రెండొందల దగ్గర సుమారు 4 అంగుళాలు కిందికి తగులుతుంది, మూడొందల దగ్గర అడుగుకి పైనే దిగిపోతుంది. గాలి సంగతి ఇంకా పెద్దది. గంటకి 10 మైళ్ళ గాలి అడ్డంగా వీస్తే 300 గజాల్లో 308 గుండు ఎనిమిది అంగుళాలు అటూఇటూగా పక్కకి పోతుంది, క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్ సన్న గుండు ఐదు దాకా పోతుంది. జింకలో మనం కొట్టాల్సిన చోటే ఎనిమిది అంగుళాల వెడల్పు, కాబట్టి అక్కడ తేడా నిజమైన తేడా. వంద గజాల్లో ఆ తేడా మీకు కనబడదు, బిల్లులోనే కనబడుతుంది.

అడవిపందులకి ఇంత లెక్క అక్కర్లేదు అంటారు కొందరు. మాది చిత్తూరు జిల్లా, వేరుశనగ చేలో రాత్రికి రాత్రి పందులు ఏం చేస్తాయో చిన్నప్పుడే చూశాను, ఇక్కడ రైతుల మొహాలు చూస్తే అదే గుర్తొస్తుంది. 223 తూటాతో వంద గజాల లోపు పని అవుతుంది, కానీ గుండు గట్టిది కావాలి, బాండెడ్ గానీ రాగి గానీ. ప్రాక్టీసుకి కొనే ఫుల్ మెటల్ జాకెట్ తూటా చవక కదా అని వేటకి తీసుకెళ్ళకండి, అది విచ్చుకోదు, పందిని దాటి వెనకున్నదానికి కూడా తగులుతుంది. ఇంకో మాట, 300 బ్లాకౌట్ తూటా 223 రైఫిల్‌లో దూరిపోతుంది, కాల్చారంటే రైఫిల్ పేలిపోవచ్చు. అందుకే ఆ రెండూ ఇక షాపులో వేర్వేరు గోడల మీద పెడుతున్నా. ఒక్క జేబులో రెండూ వేసుకోకండి.

వీసా గురించి చాలామంది మొహమాటపడుతూ అడుగుతున్నారు కాబట్టి నేరుగా చెప్తున్నా. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, దానికున్న మినహాయింపుల్లో మనవాళ్ళకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. ప్రైవేటు భూమిలో, ఓనర్ ఒప్పుకుంటే, అడవిపందిని లైసెన్స్ లేకుండా వేటాడొచ్చని టెక్సస్ 2019 నుంచీ అంటోంది నిజమే, కానీ వీసా మీదున్నవాళ్ళు దాన్ని నమ్ముకోకండి, మీకు లైసెన్స్ కావాల్సింది పంది కోసం కాదు, చేతిలో ఉన్న తుపాకీ కోసం. లైసెన్స్ చూపించకపోతే నేను అమ్మను, తెలుగువాడివి కదా అన్నా అమ్మను.

ఇక డబ్బు సంగతి. అమ్మిన తూటాలు నేను వెనక్కి తీసుకోలేను, బయటికెళ్ళొచ్చిన బాక్స్‌లో ఏముందో నేను పూచీ పడలేను. కానీ పోయినేటి బిల్లు పట్టుకొస్తే, లేదా ఫోన్ నంబర్ చెప్తే నేనే వెతుకుతా, మీ దూరానికి సరిపోయే రకం రెండు బాక్సులు నాకు పడిన రేటుకే ఇస్తా. రెండూ ఒకే లాట్ నంబర్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి అడిగి తీసుకోండి, ఒక బాక్స్ ఇరవై తూటాలు గురి సరిచేసుకోడానికి, ఇంకోటి వేటకి. రకం మారితే తగిలే చోటు కూడా మారుతుంది, పాత గురి మీద కొత్త తూటాతో నేరుగా బ్లైండ్‌లోకి వెళ్ళకండి. దగ్గరున్న పాత బాక్సులు రేంజ్‌లో కాగితం మీద కాల్చేసుకోండి, దానికి అవి భలే ఉంటాయి.

ఇక నుంచి కౌంటర్ దగ్గర నేను మొదట అడిగేది ఎన్ని గజాలు అని. తెలీదంటే రాంచ్ ఫోటో చూపించండి, మ్యాప్‌లో కొలుద్దాం.

నా దగ్గర లాంగ్ రేంజ్ క్రీడ్‌మూర్ ఇంకా పదకొండు కేసులున్నాయి. పశ్చిమం వైపు మ్యూల్ డీర్ వేటకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, రేటు మాట్లాడుకుందాం.