కొత్తగా రాసుకున్నంత మాత్రాన దొంగ పూజ అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విక్కా అనే పూజా మార్గం గురించీ, విదేశాల్లో పెరుగుతున్న పేగన్ బృందాల గురించీ, అంటే క్రైస్తవానికి ముందున్న దేవతల్నీ ప్రకృతినీ కొలిచేవాళ్ళ గురించీ వేసిన వ్యాసం చదివాను. విక్కా వాళ్ళు కూడా పేగన్లలో ఒక శాఖే. విజయవాడలో కూడా కొంతమంది కాలేజీ పిల్లలు పౌర్ణమి రాత్రి డాబా మీద కొవ్వొత్తులు పెట్టుకుని, ఇంటర్నెట్‌లోంచి దించుకున్న ప్రార్థనలు చదువుకుంటున్నారని అందులో ఉంది. రాయండి, తప్పు లేదు. కానీ రచయిత చివరికి తేల్చింది ఏమిటంటే, వీళ్ళు చదివేవన్నీ డెబ్బై ఏళ్ళ కిందట ఎవరో కూర్చుని రాసినవి కాబట్టి అదంతా బోగస్ అని. పైగా పక్కన పుర్రె, నిమ్మకాయలు, కుంకుమ ఉన్న బొమ్మ ఒకటి వేశారు.

బొమ్మ సంగతి ముందు చెప్పేస్తాను. చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఆడవాళ్ళని కొట్టిన, చంపిన వార్తలు మన పత్రికల్లోనే చదువుతున్నాం. అలాంటి చోట, ఎవరికీ హాని చేయకూడదన్న మాటనే ముఖ్యమైన నియమంగా పెట్టుకున్న వాళ్ళ గురించి రాస్తూ ఆ బొమ్మ వేయడం ప్రమాదం. దయచేసి ఇంకెప్పుడూ వేయకండి.

నేను గుంటూరులో హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. విక్కా నా దారి కాదు, మా ఇంట్లో పూజలు అందరిళ్ళలో లాగే జరుగుతాయి. మా మేనకోడలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, అక్కడ ఒక చిన్న పేగన్ బృందంలో ఉంది, ఆ పిల్ల వల్లే నాకు ఈ విషయాలు తెలిశాయి, తర్వాత ఆసక్తి పుట్టి చదువుకున్నాను. మీ వ్యాసంలో అసలు కథ సగం కూడా రాలేదు.

విక్కా పూజలు కొత్తవే, ఆ మాట వాళ్ళలో చాలామంది తామే చెబుతారు. ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది, దాంతో ఇలాంటి సంగతులు బయటికి చెప్పుకునే వీలు కలిగింది. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన గెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన 1954లో ఒక పుస్తకం వేసి, క్రైస్తవానికి ముందున్న పాత మతం ఇంకా రహస్యంగా బతికే ఉందనీ, తనని అందులో చేర్చుకున్నారనీ చెప్పాడు. తన చేతికి వచ్చిన విధానం ముక్కలు ముక్కలుగా ఉందనీ, మధ్యలో ఖాళీలు తానే పూరించాననీ కూడా ఆయన అనేవాడు. 1953లో ఆయన దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటె బాగా చదివిన మనిషి. పూజ పుస్తకం చూడగానే ఇది మంత్రతంత్రాల మీద పుస్తకాలు రాసిన అలిస్టర్ క్రౌలీ వాక్యం, ఇది కిప్లింగ్ పద్యం, ఇది 1899లో చార్ల్స్ లేలాండ్ ఇటలీ మంత్రగత్తెల గురించి అచ్చువేసిన దాంట్లోది అని ఇట్టే పట్టేసింది. ఊరుకోలేదు, వెళ్ళి ఆయన్నే అడిగింది. నీకు ఇంతకన్నా బాగా చేతనైతే నువ్వే రాయి అన్నాడాయన. ఆవిడ రాసింది. క్రౌలీ ముక్కలు చాలావరకు తీసేసి, లేలాండ్ దగ్గరి మొదలు ఉంచుకుని, మిగతాది తన మాటల్లో అల్లింది. దేవత తన వాళ్ళతో నేరుగా మాట్లాడుతున్నట్టుండే ఆ వచనం ఇవాళ ప్రపంచంలో ఎన్నో విక్కా బృందాల్లో వినిపిస్తుంది. రాసింది ఎవరో తెలుసు, ఏ పాత ముక్క ఎక్కడిదో తెలుసు, అయినా చదువుతున్నప్పుడు జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. దాన్ని బోగస్ అని ఒక్క మాటతో ఎలా కొట్టేస్తాం?

ఆ మాటకొస్తే మన పక్కనే ఉన్న తెనాలి సంగతి చూడండి. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు, 1887లో పుట్టి 1943లో పోయిన ఆయన, పెళ్ళి మంత్రాలు పెళ్ళి చేసుకునేవాళ్ళకి అర్థం కావాలని తెలుగులో వివాహ విధి రాశారు. రాసి ఊరుకోలేదు, తానే పీట మీద కూర్చుని పెళ్ళిళ్ళు చేయించారు. ఆ పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళ పిల్లలు, మనవళ్ళు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇవాళ ఎంతమందో ఉన్నారు. వాళ్ళ పెద్దలవి దొంగ పెళ్ళిళ్ళని ఎవరైనా అనగలరా? కవిరాజుగారు హేతువాది, విక్కా వాళ్ళు దేవతల్ని నమ్మేవాళ్ళు, రెండూ ఒకటని నేననడం లేదు. మాట అర్థమై నోరారా పలకాలన్న పట్టుదల మాత్రం రెండు చోట్లా ఒకటే.

మా నాయనమ్మ మంగళహారతుల పుస్తకం నా దగ్గరే ఉంది. పాత లెక్కల పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నవి. వాళ్ళత్తగారి దగ్గర విని రాసుకున్న హారతిలో ఒక చరణం కొట్టేసి పక్కన వేరే చరణం రాసింది. ఇంకోచోట లక్ష్మి పేరు తీసి దుర్గమ్మ పేరు పెట్టింది, ఆవిడ పుట్టిల్లు బెజవాడ మరి. విక్కాలో కూడా దీక్ష తీసుకున్నవాళ్ళు తమ గురువు పుస్తకం చూసి చేత్తో రాసుకోవడం గార్డ్‌నర్ కాలం నుంచీ ఉంది, ఒకరి పుస్తకానికీ ఇంకొకరి పుస్తకానికీ తేడాలు వచ్చేది అక్కడే.

ఇక మెల్‌బోర్న్‌లో నేను చూసింది చెబుతాను. ఏప్రిల్ నెలాఖరు, అక్కడ ఆకులు రాలే కాలం. ఇంగ్లండు లెక్కలో సౌయిన్ పండగ, అంటే చలికాలం మొదలై చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు, అక్టోబరు 31న వస్తుంది. భూమధ్యరేఖకి దక్షిణాన ఋతువులు తిరగబడతాయి కాబట్టి ఆస్ట్రేలియాలో చాలా బృందాలు దాన్ని ఆరు నెలలు జరిపి చేసుకుంటాయి. మార్చాల్సింది తేదీ ఒక్కటే కాదు. ఇంగ్లండులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, అందుకని పూజకి వలయంగా చేరినప్పుడు నిప్పుని దక్షిణ దిక్కున, నీళ్ళని పడమరన పెట్టి, ఆ వలయం చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు నడుస్తారు. మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, వేడిగాలి అటు నుంచే వస్తుంది, దక్షిణం నుంచి వచ్చేది మంచుగాలి. అందుకని వీళ్ళు నిప్పుని ఉత్తరాన పెట్టారు, సూర్యుడితో పాటు ఎడమ వైపుగా తిరిగారు. నీళ్ళని ఎక్కడ పెట్టాలన్న దగ్గర పెద్ద వాదనే జరిగింది. సముద్రం మాకు దక్షిణాన కనబడుతుంటే పడమరన నీళ్ళు పెట్టడం ఏమిటని ఒకాయన. ఇన్నేళ్ళ అలవాటు తీసేస్తే పాతవాళ్ళకి చేయి ఆడదు అని ఇంకొకావిడ. ఆ రాత్రికి పడమరే ఉంచారు. డిసెంబరు పండక్కి ఇంకో చిక్కు ఉందట, ఎండలు ముదిరితే అక్కడి ప్రభుత్వం ఆరుబయట మంటలు పూర్తిగా నిషేధిస్తుంది, అందుకని ఆ రోజు బ్యాటరీ లాంతర్లు పెట్టి, మంట వెలిగిస్తున్నాం అన్న వాక్యం మార్చుకున్నారు.

వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని కాగితాలు దిద్దుకుంటుంటే నేను టీ తాగుతూ చూశాను, నాకు స్కూల్లో నాటకాల రిహార్సల్స్ గుర్తొచ్చాయి. ఒకమ్మాయి పైకి చదువుతుంది, మిగతావాళ్ళు వింటారు. ఊపిరి అందకపోతే వాక్యాన్ని రెండు చేస్తారు. వాళ్ళలో ఒకావిడ చక్రాల కుర్చీలో ఉంది, అందరం లేచి నిలబడదాం అన్నది కొట్టేసి అందరం చుట్టూ చేరదాం అని రాశారు. ఆ ఏడాది తల్లి పోయిన కుర్రాడొకడు, పోయినవాళ్ళ పేర్లు పూజ చేయించే మనిషి జాబితా చదివినట్టు చదవొద్దు, మావాళ్ళ పేరు మేమే చెప్పుకుంటాం, చెప్పలేకపోతే కాసేపు ఆగండి అన్నాడు. కాగితం మీద అక్కడ ఏమీ రాయకుండా రెండు వేళ్ళంత ఖాళీ వదిలారు. ఎవరి చాదస్తమూ కనబడలేదు నాకు. పద్యం చెప్పించేటప్పుడు యతి దగ్గర ఆగమని పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని, ఆ ఖాళీ విలువ నాకు తెలుసు.

చనిపోయినవాళ్ళకి ఒక పళ్ళెం పెట్టడం ఆ పండగలో చాలామంది చేస్తారు. మా మేనకోడలు మా నాన్నగారిని తలుచుకుంటానంది. అమ్మా, నువ్వులూ నీళ్ళూ మాత్రం అందులోకి తేకు, అది మీ నాన్న ఇక్కడ చేస్తున్నాడు అన్నాను కాస్త గట్టిగానే. “అదేం తేవట్లేదత్తా, తాతయ్య పేరూ ఊరూ తెలుగులో చెప్పి, గోంగూర కలిపిన అన్నం ముద్ద ఒకటి పెడతాను, అంతే” అంది. అలాగే చేసింది.

ఇదంతా మనకి కొత్త అనుకుంటే పొరపాటు. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా, అందులో మనం ఉన్న చోటూ కాలమూ చెప్పాలి. విజయవాడలో కూర్చుంటే కృష్ణా గోదావర్యోః మధ్యదేశే అంటారు పంతులుగారు. ప్రకాశం బ్యారేజీ దాటి గుంటూరు వైపు వచ్చేసరికి గోదావరి పోయి కావేరి వస్తుంది. అమెరికాలో మా అబ్బాయి గృహప్రవేశంలో జంబూద్వీపే భరతవర్షే బదులు క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అన్నారు, అక్కడ చాలామంది పురోహితులు అలాగే చెబుతారట. అమెరికా వెళ్ళిన మనవాళ్ళ కోసం ఎవరో ఒక పండితుడు ఆలోచించి కూర్చిన మాటలేగా అవి. ఎవరూ ఆక్షేపించలేదు, పైగా సంతోషించాం.

అందుకే విజయవాడలో డాబాల మీద చేరుతున్న పిల్లలకి నా వైపు నుంచి ఒక మాట. ప్రింటు తీసుకుని ఉన్నది ఉన్నట్టు చదవకండి. ఫిబ్రవరి మొదట్లో వచ్చే ఇంబోల్క్ పండగ, గొర్రెలు ఈని పాలిచ్చే వేళకి ఐర్లండు వాళ్ళు చేసుకునేది. ఆ వేళకి మన దగ్గర కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి, గుంటూరు యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగడం మొదలవుతుంది, తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. నేలని కొలుస్తున్నాం అనుకునేవాళ్ళు ఆ చేతుల గురించి ఒక వాక్యం రాయకపోతే ఎలా? మే ఒకటిన బెల్టేన్ పండగ మంటలట, మన ఎండల్లో ఎవరైనా మంట కోరుకుంటారా? జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి ఉంది, డెల్టా కాలువలకి నీళ్ళు వదిలే రోజు ఉంది, వాటికి రాయండి. విక్కాలో ఏడాదికి ఎనిమిది పండగలంటారు, కానీ ఎనిమిదే ఉండాలని శాసనం ఏమీ లేదు. ఆ ఎనిమిదింటి చక్రం కూడా ఇంగ్లండులో 1950ల్లో కుదిరిందే, శరదృతువు పండక్కి మాబన్ అన్న పేరు 1970ల్లో కాలిఫోర్నియాలో ఐడన్ కెల్లీ పెట్టిందే.

అయితే రాసుకోవడంలో ఒక తప్పు దారి కూడా ఉంది, దాని గురించి మీ వ్యాసంలో రాసుంటే నేను మెచ్చుకునేదాన్ని. 1957లో గార్డ్‌నర్ పత్రికలకి ఎక్కువగా ఎక్కుతున్నాడని వాలియెంటె, ఇంకొందరు కలిసి కొన్ని నియమాలు ప్రతిపాదించారు. దానికి జవాబుగా ఆయన పాత కాలం నుంచీ ఉన్న శాసనాలంటూ ఒక కాగితం బయటికి తీశాడు. వయసు మళ్ళిన పూజారిణి చిన్నవయసు ఆమెకి చోటిచ్చి తప్పుకోవాలన్న మాట కూడా అందులో ఉంది. ఇవి ఇంతవరకూ ఎందుకు చూపించలేదు, ఇది మీరే రాశారు అని వాలియెంటె వాళ్ళకి అనుమానం వచ్చింది, బృందం చీలిపోయింది, ఆవిడ బయటికి వచ్చేసింది. చేతనైతే నువ్వే రాయి అన్న మనిషే, తన మాట నెగ్గించుకోవడానికి కొత్త కాగితానికి పాత ముద్ర వేశాడన్నమాట. నాకు కోపం వచ్చేది దీని మీద. కొత్తది రాయడం మీద కాదు.

అడగకుండా తెచ్చుకోవడం ఇంకొకటి. అమెరికాలో పుట్టిన ఒక పేగన్ పాటలో ఈజిప్టు, గ్రీసు దేవతల వరసలో మన కాళి పేరు కూడా ఉంటుంది. పేరు తలుచుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ తల్లిని కొలిచే మనుషులు ఇంకా ఉన్నారని, ఆవిడకి గుళ్ళూ, జాతర్లూ, వంతులూ ఉన్నాయని తెలుసుకుని తలిస్తే బాగుంటుంది. విజయవాడ పిల్లలకీ అదే చెబుతాను, ఊళ్ళో గంగానమ్మ కొలుపు పాట మీకు నచ్చిందనుకోండి, ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చేయకండి, పాడేవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి, వద్దంటే మానేయండి.

స్టార్‌హాక్ అనే ఆవిడ 1979లో వేసిన పూజల పుస్తకం అమెరికా పేగన్లలో చాలా పేరున్నది. పదేళ్ళకి మళ్ళీ అచ్చు వేస్తూ, స్త్రీపురుష శక్తుల జంట గురించి మొదట తాను రాసినది ఇప్పుడు తనకి సరిగా అనిపించడం లేదని, పాత మాట తుడిచేయకుండా పక్కన వివరణలు రాసింది. ఇక్కడ రాసుకునేవాళ్ళు కూడా అలాగే చేయండి. కాగితం కింద రాసినవాళ్ళ పేరూ తేదీ వేయండి, ఏ ముక్క ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో రాయండి, వచ్చే ఏడు ఎవరైనా మారిస్తే వాళ్ళ పేరు కూడా దాని కిందే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు