వంటల పేజీలో గ్రాములు రాయండి, గడువూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చేసుకునే డిప్‌లు, సలాడ్ డ్రెస్సింగులు, చిన్న చిన్న రొట్టెల గురించి వంటల పేజీల్లో ఈమధ్య తరచుగా వస్తోంది. మంచి మాటే. చుట్టాలొచ్చినా, ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఏదైనా తిందామనుకున్నా ఇవి చక్కగా పనికొస్తాయి. కానీ ఆ రెసిపీలు చూసి చేయబోతే పిండి చేతికి జిగురులా పట్టుకుంటుంది, మయోనైజ్ విరిగిపోతుంది, సెనగలతో చేసే హమ్మస్ నోట్లో ఇసుకలా తగులుతుంది. తమకే చేతకాలేదనుకుని జనం మళ్లీ ఆ జోలికి పోరు. నిజానికి లోపం రెసిపీ రాసిన తీరులో ఉంటుంది. సరైన తూకం ఉండదు, ఎందుకలా చేయాలో ఉండదు, ఎన్నాళ్లు నిలవుంటుందో అసలే ఉండదు.

ఈ చివరిదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇది ప్రాణాల మీదకు తెచ్చే విషయం. పచ్చి వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేసి, సీసాకు ఎత్తి, అరలో పెట్టుకుంటే నెలంతా రొట్టెల్లోకి వాడుకోవచ్చని రాస్తుంటారు. దయచేసి అలా అచ్చువేయకండి. వెల్లుల్లి మట్టిలో పెరుగుతుంది. క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు (అదను దొరికేదాకా నిద్రపోయే గట్టి బీజాలు) దాన్ని అంటిపెట్టుకుని రావచ్చు. గాలి ఆడే చోట అవి ఊరికే పడుంటాయి. నూనెలో మునిగాక మాత్రం గాలి అందదు, రెబ్బలో తేమ ఉంటుంది, పులుపు తక్కువ, గదిలో వెచ్చదనం ఉండనే ఉంది. వాటికి కావలసినవన్నీ మనమే అమర్చిపెట్టినట్టు. అవి మొలకెత్తి విషం పుట్టించినా నూనె రంగు, వాసన, రుచి మామూలుగానే ఉండొచ్చు. ఆ విషం నరాల మీద పనిచేస్తుంది. ముందు కళ్లు మసకబారి, మాట తడబడి, ముదిరితే ఊపిరి పీల్చుకునే కండరాలు చచ్చుబడతాయి.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో తిన్న 36 మంది ఈ జబ్బున పడ్డారు. కారణం నూనెలో నిలవచేసిన వెల్లుల్లి. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటిదే మళ్లీ జరిగాక, నూనెలో వేసి అమ్మే వెల్లుల్లికి పులుపు పట్టించి తీరాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధన పెట్టింది.

నూనెను కాచాం కదా అంటారు కొందరు. ఆ బీజాలను చంపాలంటే ప్రెషర్ కింద 121 డిగ్రీల వేడి కావాలి. నూనె ఎంత కాగినా, తేమ ఉన్నంతసేపూ రెబ్బ లోపల 100 డిగ్రీలు దాటదు. నిమ్మరసం పిండాం కదా అని ఇంకొందరు అంటారు. పైన పిండిన రసం నూనెలో కలవదు, రెబ్బ లోపలికి దిగడానికి చాలా సమయం పడుతుంది, ఎంత దిగిందో ఇంట్లో కొలవలేం. కాబట్టి ఏ పూటకు కావలసింది ఆ పూటే చేసుకోవాలి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయాలి, లేదా పారేయాలి. ఇంకా దాచాలంటే ఫ్రీజరే దారి. కాల్చిన వెల్లుల్లి, వంటల్లో వేసే పచ్చి సువాసన ఆకులు, పచ్చి మిరపకాయలు, పుట్టగొడుగులు, వీటిలో ఏది నూనెలో వేసినా ఇదే లెక్క. పూర్తిగా ఎండిన వెల్లుల్లి పొడిలో తేమ ఉండదు కాబట్టి దానికి ఈ బెడద లేదు.

ఇక తూకం సంగతి. మీ రెసిపీల్లో 'నాలుగు కప్పుల మైదా, తగినన్ని నీళ్లు' అని ఉంటుంది. చెంచాతో తేలిగ్గా నింపి పైన చదును చేస్తే కప్పులో 120 గ్రాముల మైదా పడుతుంది. అదే కప్పును సంచిలో ముంచి అదిమితే 150 గ్రాములు. అంటే నాలుగు కప్పులు ఒకరింట్లో 480 గ్రాములు, ఇంకొకరింట్లో 600. ఇద్దరూ 325 గ్రాముల నీళ్లే పోశారనుకుందాం. మొదటి ఇంట్లో పిండి బరువులో నీళ్లు దాదాపు 68 శాతం, పిండి మెత్తగా సాగుతూ చేతికి అంటుతుంది. రెండో ఇంట్లో 54 శాతం, ఒత్తుతుంటే అంచులు పగులుతాయి. రెసిపీ ఒకటే, రొట్టెలు మాత్రం రెండు రకాలు. కప్పు కూడా ఒకచోట 237 మిల్లీలీటర్లు, ఒకచోట 250. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. పెద్ద రొట్టెల బట్టీల్లో అంతా పిండి బరువును వందగా తీసుకుని మిగతావి శాతాల్లో లెక్కకడతారు. ఇంటికీ అదే మేలు.

పిటా రొట్టెకు ఇలా రాస్తే సరిపోతుంది: మైదా 500 గ్రాములు, నీళ్లు 325, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, నూనె 20. ఈస్ట్‌కు మాత్రం పక్కన చెంచా కొలత కూడా ఇవ్వండి. ఇంట్లో వాడే త్రాసులు మూడు నాలుగు గ్రాములను సరిగ్గా చూపవు. తలగొట్టిన టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ దాదాపు మూడు గ్రాములు. నీళ్లు గోరువెచ్చగా, 35 నుంచి 40 డిగ్రీలుంటే చాలు. 60 డిగ్రీల నీళ్లు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, తర్వాత ఎన్ని గంటలు ఆగినా పిండి పొంగదు.

అన్నీ కలిపి, పొడి కనబడకుండా ముద్దచేసి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయాలి. ఈ విరామం గురించి ఎవరూ రాయరు. ఈ సమయంలో పిండి నీళ్లు పీల్చుకుంటుంది, పిండిని సాగేలా పట్టి ఉంచే జిగురు దానంతటదే కట్టడం మొదలవుతుంది. తర్వాత ఐదారు నిమిషాలు పిసికితే సరి. చేతికి అంటుతోందని పొడిపిండి చల్లుకుంటూ పోయారా, తూకమంతా వృథా. పొడిపిండి బదులు చేయి తడిచేసుకోవాలి. రెట్టింపయ్యేదాకా ఉంచి (గది 26 డిగ్రీలుంటే గంట, గంటన్నర), ఎనిమిది ఉండలు చేసి, పావుగంట ఆగి, అరసెంటీమీటరు మందాన వత్తాలి. వత్తాక ఇంకో పది నిమిషాలు గుడ్డ కప్పి ఉంచాలి. ఓవెన్‌ను 250 డిగ్రీలకు పెట్టి, ట్రేను లోపలే ఉంచి అరగంట కాగనివ్వాలి. రొట్టె వేయగానే లోపలి నీరు ఆవిరై పైపొరను ఒక్కసారిగా లేపుతుంది, మూడు నాలుగు నిమిషాల్లో బంతిలా పొంగుతుంది.

పొంగలేదంటే ట్రే కాగకపోయి ఉండాలి. లేదా వత్తేటప్పుడు మడత పడి ఉండాలి, అంచు చిరిగి ఉండాలి, ఆవిరి అటే తప్పించుకుంటుంది. కప్పకుండా వదిలేస్తే పైన ఎండిన పొర కడుతుంది, అది సాగదు. కాగిన మందపాటి పెనం మీదా చేయొచ్చు. పైన చిన్న బుడగలు లేవగానే తిప్పి, ఒక నిమిషం కాల్చి, మళ్లీ తిప్పితే పొంగుతుంది. సగం మైదా తీసేసి గోధుమపిండి వేస్తే నీళ్లు 25 నుంచి 30 గ్రాములు పెంచండి, పొట్టు ఎక్కువ తాగుతుంది.

ఫొకాచియా అనే మందపాటి ఇటలీ రొట్టెకు అదే 500 గ్రాముల పిండికి నీళ్లు 400. ఇంత పలచని పిండిని పిసకలేం, పిసకాల్సిన పనీ లేదు. మూడు గ్రాముల ఈస్ట్‌తో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే జిగురు దానికదే కడుతుంది. మర్నాడు నూనె రాసిన ట్రేలో పోసి, మళ్లీ ఉబ్బి బుడగలు కట్టాక, నూనె చేతివేళ్లతో అడుగుదాకా గుంటలు నొక్కి, 220 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు.

హమ్మస్ దగ్గర పొరపాటు సెనగల్లోనే మొదలవుతుంది. ఎండు కాబూలీ సెనగలు 250 గ్రాములు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అర టీస్పూను వంటసోడా వేసి ఉడికించాలి. సోడా వల్ల తొక్కలోనూ పప్పులోనూ ఉండే పెక్టిన్ కరుగుతుంది. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది. ఉడికేదాకా నిమ్మరసం, టమాటా దగ్గరికి రానీయకూడదు, పులుపు తగిలితే పప్పు గట్టిగానే ఉండిపోతుంది. 'మెత్తగా ఉడికించాలి' అని రాస్తే చాలదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే నడుమ పలుకన్నది లేకుండా వెన్నలా నలగాలి. అరగంటలో అవ్వొచ్చు, పాతసెనగలైతే గంట దాటొచ్చు.

ఈలోగా రెండు వెల్లుల్లి రెబ్బలు నూరి, 60 మిల్లీలీటర్ల నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచండి. వెల్లుల్లి ఘాటును పుట్టించే ఎంజైమును పులుపు అణచిపెడుతుంది, తిన్నాక గంటల తరబడి నోట్లో మంట మిగలదు. ఆ రసాన్ని వడకట్టి 180 గ్రాముల తహీనీలో, అంటే నువ్వుల ముద్దలో పోయండి. సరిగ్గా ఇక్కడే అందరూ బెదిరిపోతారు. అప్పటిదాకా ధారలా జారుతున్న నువ్వుల ముద్ద ఒక్కసారిగా బిగుసుకుని, పాలిపోయి, గరిటెకు గడ్డలా పట్టుకుంటుంది. పాడైందని పారేసేవాళ్లున్నారు. ఏమీ కాలేదు. నూనెలో తేలుతున్న నువ్వుల రేణువులు కాస్త తడి తగలగానే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, అంతే. ఐసునీళ్లు ఒక్కో చెంచా పోస్తూ తిప్పుతూనే ఉండండి. ఐదారు చెంచాల తర్వాత గడ్డ వదులై, తెల్లగా మెరిసే మీగడలా మారుతుంది. అప్పుడు వేడివేడి సెనగలు, ఎనిమిది గ్రాముల ఉప్పు వేసి మిక్సీలో తిప్పాలి. కావలసినదానికన్నా కాస్త జారుగానే ఆపండి, చల్లారితే గట్టిపడుతుంది. ఆలివ్ నూనె మిక్సీలో వేయకండి, బాగా చిలికితే చేదెక్కుతుంది. వడ్డించేటప్పుడు పైన పోసుకోవాలి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించి వద్దు.

పెరుగుతో చేసే డిప్‌లకు రెండు మాటలు చాలు. పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లోనే ఆరేడు గంటలు వేలాడదీస్తే దాదాపు సగానికి దిగుతుంది. కీర దోసకాయ తురుముకు ఉప్పు రాసి పావుగంట ఆగి గట్టిగా పిండాలి. ఈ పిండటం మానేస్తే గంటలో గిన్నె అడుగున నీళ్లు నిలుస్తాయి.

మయోనైజ్ అంటే కొద్దిపాటి నీటిలో బోలెడంత నూనెను సన్నని బొట్లుగా ఇరికించడం. ఒక పచ్చసొన, టీస్పూను ఆవముద్ద, టేబుల్ స్పూను నిమ్మరసం, ఉప్పు కలిపాక, 180 మిల్లీలీటర్ల వాసనలేని నూనెలో మొదటి రెండు చెంచాలు చుక్క చుక్కగా పడాలి. చిలికే దెబ్బకు ఆ చుక్కలు చితికి విడిపోవాలి. తొందరపడి ధారకడితే బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి పలచని నూనె గుంటలా మిగులుతుంది. అయినా పారేయక్కర్లేదు. శుభ్రమైన గిన్నెలో ఇంకో పచ్చసొన వేసుకుని, విరిగినదాన్ని చుక్కలుగా వేస్తూ చిలికితే మళ్లీ కడుతుంది. చివర్లో మరీ గట్టిపడి నూనె పైకి తేలుతుంటే దానికి నీరు చాలలేదన్నమాట, ఒక చెంచా నీళ్లు పోస్తే సర్దుకుంటుంది.

పచ్చిగుడ్డు వాడే ఏ రెసిపీ కిందైనా సాల్మొనెల్లా (కడుపు జబ్బు తెచ్చే బాక్టీరియా) హెచ్చరిక ఉండాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు పాశ్చరైజ్ చేసిన గుడ్లతోనో, గుడ్డు లేకుండానో చేయాలి. వంద మిల్లీలీటర్ల చల్లని పాలు, 200 నూనె కలిపి, హ్యాండ్ బ్లెండరును అడుగున ఆనించి తిప్పుతూ మెల్లగా పైకి తీస్తే చిక్కబడుతుంది, నిమ్మరసం చివర్లో వేసుకోవాలి. సెనగలు ఉడికిన నీళ్లూ గుడ్డు తెల్లసొనలా పనిచేస్తాయని 2014లో ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ రోసెల్ చూపించారు. అయితే ఆ నీళ్లు సోడా వేయకుండా ఉడికించినవై ఉండాలి, చల్లారాక తెల్లసొనంత చిక్కగా ఉండాలి. లేకపోతే మరికాస్త మరిగించుకోవాలి.

సలాడ్ డ్రెస్సింగుకు ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నూనె. ఉప్పు నూనెలో కరగదు కనుక ముందే వెనిగర్‌లో కరిగించాలి. ఆకులు తడిగా ఉంటే డ్రెస్సింగ్ పట్టకుండా అడుగుకు జారిపోతుంది, గుడ్డతో అద్ది ఆరబెట్టాకే కలపాలి.

మిగిలిన రొట్టెలు ఫ్రిజ్‌లో పెట్టమని కూడా రాస్తున్నారు. అది వద్దు. రొట్టెలోని పిండిపదార్థం ఫ్రిజ్ చలిలోనే అన్నిటికన్నా వేగంగా గట్టిపడుతుంది. మర్నాటికైతే డబ్బాలో బయటే ఉంచాలి, ఇంకా ఎక్కువ రోజులకైతే సంచిలో గాలి తీసి ఫ్రీజర్‌లో పెట్టాలి. తిరిగి వేడిచేస్తే మెత్తదనం చాలావరకు వస్తుంది.

ప్రతి రెసిపీ కింద ఒక్క వాక్యానికి చోటివ్వండి: ఎక్కడ ఉంచాలి, ఎన్ని రోజుల్లో తినాలి. వెల్లుల్లి నూనె నెలరోజులు నిలవుంటుందని ఇదివరకే అచ్చయి ఉంటే, సవరణను లోపలి పేజీల్లో ఏ మూలనో వేయకుండా వంటల పేజీలోనే, రెసిపీ అంత అక్షరాలతోనే వేయండి. కత్తిరించి దాచుకున్నవాళ్లు చూసేది ఆ పేజీయే.

ఇట్లు,
ఒక పాఠకురాలు