సూదుల లెక్క సరే, దూడల లెక్క ఏది?

సంపాదకులు గారికి,

పశువుల కృత్రిమ గర్భధారణలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మన ఒడిశా జిల్లాలు బాగా ముందుకు పోతున్నాయని ఆమధ్య మీ పత్రికలో వార్త వేశారు. ఎవరైనా జవాబు రాస్తారని చూశాను. ఎవరూ రాయలేదు గనక నేనే రాస్తున్నాను. ఎన్ని పశువులకు సూది వేశారో, అంటే వీర్యం ఎక్కించారో, ఆ వార్తలో ఉంది. ఎన్ని చూడి కట్టాయో, ఎన్ని ఈనాయో ఒక్క అంకె లేదు. పాల కేంద్రంలో మేం పోసేవి ఈనిన గేదె పాలు, సూది వేయించుకున్న గేదె పాలు కాదు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు పాడి ఉన్న ఏ ఇంటికైనా ఈ బాధ కొత్త కాదు. ఎదకొచ్చిన గేదెకు సూది వేయిస్తాం, ఇరవై ఒక్క రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. అడిగితే తిరగపొర్లు (చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకు రావడం) అంటారు, మేత చాలట్లేదంటారు. తప్పెప్పుడూ పశువుదో, రైతుదో. ఆ వట్టి గేదెకు మళ్లీ ఎద వచ్చేదాకా తవుడు, చిట్టు ఎవరు పెడతారు?

నత్రజని డబ్బా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఘనీకృత వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, అంటే స్ట్రాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో మునిగి ఉన్నంతకాలం ఏళ్లతరబడి నిలవుంటాయి. కానీ మూత పెట్టినా నత్రజని రోజూ ఆవిరవుతూనే ఉంటుంది. మట్టం పడిపోయి, స్ట్రాలకు మైనస్ 130 కంటే వేడి తగిలితే లోపలి వీర్యకణాలు దెబ్బతింటాయి. తర్వాత డబ్బా నిండా నత్రజని పోసినా అవి తిరిగి బతకవు. చచ్చిన స్ట్రాకూ మంచి స్ట్రాకూ పైకి తేడా తెలియదు. అదే గేదెకు ఎక్కించి రిజిస్టరులో ఒకటి పెంచుతారు.

స్ట్రాలను ఐసు ముక్కల ఫ్లాస్కులో వేసుకుని బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లను మేం కళ్లారా చూశాం. బయటికి తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వెంటనే వేయాలని వాళ్లకు శిక్షణలో చెప్పిందే. ఒక థర్మామీటరు కొనివ్వలేరా? ఆ కుర్రాళ్లను అని లాభం లేదు. చాలామందికి నెల జీతం లేదు, సూదికింత అని ఇస్తారు. అలా ఇస్తే పెరిగేవి సూదులే.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం వేయించమని చెప్పేదీ సూదులు వేసే కేంద్రం వాళ్లే, సాయంత్రానికి తాళం వేసేదీ వాళ్లే. ఎండాకాలం గేదెలు మూగ ఎదలో ఉంటాయి, అంటే ఎదకొచ్చినా అరవవు, తెల్లవారుజామున కనిపెట్టి చూసుకోవాలి. అంత కష్టపడి పసిగడితే ఆ రోజు ఆదివారం! 2019లో దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటి ముంగిటికే వచ్చి ఉచితంగా వేస్తామన్నారు. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

ఏ జాతి ఆంబోతు వీర్యం వేస్తున్నారో కూడా చెప్పరు. మల్కన్‌గిరి మోటు, గంజాం ఘుముసరి ఆవులు పొట్టివి, తక్కువ మేతకు తట్టుకుంటాయి. అలాంటి కొండ ఆవుకు అడగకుండా విదేశీ జాతి జెర్సీ వేస్తే, దూడ పెద్దదై ఈతలో ఏం బాధపడుతుందో ఎవరాలోచించారు? మా ఊరికి పంచిన కరపత్రం ఒడియాలోనే ఉంది. పశువుల పని చేసే మా ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు చదివేది తెలుగు. ఈ తాలూకాలో తెలుగువాళ్లున్నారని అధికారులకు ఓట్లప్పుడు తప్ప గుర్తుకు రాదు.

మా పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు వేశారు కదా. సూది తేదీ, స్ట్రా మీద ముద్రించిన ఆంబోతు నెంబరు, మూడు నెలలకు చూడి పరీక్ష, ఈత, అన్నీ ఆ నెంబరు కిందే రాసి రైతుకు చీటీ ఇవ్వండి. సూది వేసేముందు స్ట్రాను రైతు చేతికిచ్చి చూపించాలన్నది కాదు, మీద ఉన్నది చదివి వినిపించండి చాలు. నత్రజని మట్టం కొలిచిన తేదీ ప్రతి కేంద్రం గోడ మీద తెలుగులోనూ రాయించండి. మీరు కూడా ఈసారి అధికారులను దూడల లెక్క అడిగి, అది వచ్చాక వార్త వేయండి.

ఇట్లు,
ఒక పాడిరైతు,
గజపతి జిల్లా, ఒడిశా