క్రౌడ్ సంగతి సరే, కట్టడం సంగతి రాయండి

సంపాదకులకు,
నమస్కారం.

నగరం నడిబొడ్డున ఫ్లాటు కొనేవాళ్లకు సలహాలంటూ మీ ఆదివారం ప్రాపర్టీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. "చుట్టుపక్కల క్రౌడ్ ఎలాంటిదో ముందు చూసుకోండి" అన్నది అందులో మొట్టమొదటి సలహా. బిల్డింగు వయసు గురించి, పైపుల గురించి, అసోసియేషన్ లెక్కల గురించి ఒక్క ముక్క లేదు. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. రకరకాల భాషలు, మతాలు, ఆదాయాల వాళ్లు కలిసుండే పాత పేటలో సెకండ్ హ్యాండ్ ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఇల్లు చూపించిన ఏజెంటు, "ఫ్లాటు బాగానే ఉంది మేడమ్, కానీ మీలాంటి వాళ్లు ఇక్కడ తక్కువ" అన్నాడు. ఎలాంటి వాళ్లు బాబూ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. టెర్రస్ మీది పగుళ్ల గురించి మాత్రం నేనుగా అడిగేదాకా నోరు విప్పలేదు.

ఇలా భయపెట్టి బేరం చేయడం పాత విద్యే. గత శతాబ్దంలో అమెరికా నగరాల్లో కొందరు బ్రోకర్లు, మీ వీధిలోకి నల్లజాతి వాళ్లు వచ్చేస్తున్నారు, ఇంటి విలువ పడిపోతుంది అని తెల్లవాళ్లను బెదరగొట్టి ఇళ్లు చవగ్గా అమ్మించేవాళ్లు. అవే ఇళ్లను నల్లజాతి కుటుంబాలకు ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్లు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం దాన్ని నేరుగా నిషేధించింది. అలాంటి వీధుల్లో ధర పడేది పక్కింట్లో దిగినవాళ్ల వల్ల కాదు, అందరూ ఒకేసారి అమ్మకానికి పెట్టడం వల్ల.

ఏరియా చూస్తేనే తెలిసిపోతుంది అంటారు కొందరు. రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగోలో ఈ సంగతే పరీక్షించారు. వీధులను వీడియో తీయించి, చెత్త ఎంతుంది, గోడల మీద రాతలెన్ని అని లెక్కగట్టారు. తర్వాత అక్కడి జనాన్ని అడిగి రెండూ పోల్చారు. ఫలితాలు 2004లో వచ్చాయి. నల్లజాతి వాళ్లు, పేదవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో, వీడియోలో తేలినదాన్ని మించి అస్తవ్యస్తంగా ఉందని జనానికి అనిపించిందట. అలా అనిపించినవాళ్లలో నల్లజాతి వాళ్లూ ఉన్నారు.

ఇక నా సబ్జెక్టు. థామస్ షెల్లింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1971లో ప్రచురించిన ఒక నమూనాను నేను పిల్లల చేత చదరంగం బల్ల మీద రెండు రంగుల బొత్తాలతో చేయించేదాన్ని. నియమం ఒక్కటే. ఒక బొత్తం చుట్టూ ఉన్నవాటిలో కనీసం మూడో వంతు దాని రంగువి లేకపోతే అది ఖాళీ గడికి జరగాలి. అంటే మూడింట రెండొంతులు వేరే రంగువాళ్లున్నా దానికి అభ్యంతరం లేదన్నమాట, పాపం ద్వేషమేమీ లేదు. అయినా కాసేపటికి ఎర్రవన్నీ గుంపులుగా ఒకచోట, తెల్లవన్నీ ఇంకొకచోట చేరేవి. పిల్లలు నమ్మలేక మళ్లీ మొదటినుంచి పేర్చేవాళ్లు. మీ సలహా పాటించే పాఠకులు పేటలకు చేసేది కూడా ఇదే.

మరి ఏం చూడాలి? కొనేముందు నేను అసోసియేషన్ సెక్రటరీని అడిగి మీటింగుల్లో ఏం జరిగిందో రాసిపెట్టే మినిట్స్ పుస్తకం తెప్పించుకున్నాను. ఫ్లాటు కన్నా దాన్నే ఎక్కువసేపు చూశాను. లిఫ్టు రిపేరు మీద ఎన్నిసార్లు కొట్లాడుకున్నారో, మెయింటెనెన్స్ బాకీలు ఎవరెవరివో అందులోనే ఉంటుంది. అమ్మేవాళ్ల బాకీ కొన్నవాళ్ల నెత్తిన పడుతుందేమో ముందే తేల్చుకోవాలి. పెద్ద రిపేర్లకని విడిగా డబ్బు దాచారా లేదా అన్నది ఇంకా ముఖ్యం. ఎన్ని ఫ్లాట్లలో యజమానులే ఉంటున్నారో కూడా అడగాలి. ఎక్కడో ఉండే యజమాని పైపులు మార్చే ఖర్చుకు ఒక పట్టాన ఒప్పుకోడు. బిల్డింగు పాతదైతే బ్యాంకు దాని ఆయుష్షు చూసి లోను గడువు తగ్గించవచ్చు. రేపు కూలగొట్టి కట్టాల్సి వస్తే చేతిలో మిగిలేది స్థలంలో వాటానే కాబట్టి, అసలు వాటా ఉందా, ఉంటే ఎంతని దస్తావేజులో రాశారో చదవాలి. పగలు చూసిన ఇంటిని ఓసారి రాత్రి పదింటికి కూడా చూసి రావాలి.

రకరకాల వాళ్లుండే బిల్డింగులో చిక్కులే ఉండవని నేననను. నోటీసు ఒక్క భాషలోనే అంటిస్తే సగం మందికి అర్థం కాదు. అర్థం కానివాళ్లు డబ్బు కట్టరు. అక్కడినుంచి "వాళ్లెప్పుడూ ఇంతే" అన్న మాట మొదలవుతుంది. మా బిల్డింగులో ఇప్పుడు నోటీసు మూడు భాషల్లో పెడుతున్నారు. పై అంతస్తులో ఉండే కాలేజీ అమ్మాయి రాసిస్తుంది. దాంతో మీటింగులకు వచ్చేవాళ్లు పెరిగారు గానీ బాకీలు పూర్తిగా వసూలు కాలేదు. ఎగ్గొట్టేవాళ్లు మూడు భాషల్లోనూ ఉన్నారు.

మీ వ్యాసం చివర్లో ఇలాంటి పేటలు త్వరలో డెవలప్ అవుతాయి, ఇప్పుడే కొనిపెట్టుకోండి అని ఉంది. లండన్‌లో పనివాళ్ల పేటల్లోకి మధ్యతరగతి వాళ్లు వచ్చి ఇళ్లు కొనడం, అక్కడి పాతవాళ్లు ఖాళీ చేసి వెళ్లాల్సి రావడం గురించి రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1964లోనే రాశారు. నా ఫ్లాటులో కూడా అంతకుముందు ఒక కుటుంబం అద్దెకుండేది. పిల్లల పరీక్షలు అయ్యేదాకా వాళ్లను కదపవద్దని నేను అగ్రిమెంటులో రాయించాను. రేట్లు పెరుగుతాయని రాసేటప్పుడు, అద్దెకుండే పాఠకులు కూడా మీ పేపరు చదువుతారని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఈసారి ఆ పేజీని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాయించండి. ఏ పగులు పైపూతలోది, ఏది స్తంభంలోది, పెచ్చులూడిన స్లాబులో తుప్పు పట్టిన ఊచ బయటపడితే దాన్ని కొత్త రంగుతో ఎలా కప్పిపెడతారు, ఇవన్నీ ఫొటోలతో వేయండి. నేను కత్తిరించి మా నోటీసు బోర్డుకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు