చిన్నాన్నకి పాము కరిచిన రాత్రి

గుణుపురం

బావా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆసుపత్రి వరండాలో ఉన్నాను, రెండు ముక్కలైనా సరిగ్గా మాట్లాడలేకపోయాను. చిన్నాన్న ఇంటికొచ్చేశాడు. కాలి వాపు ఇంకా తగ్గలేదు గానీ గంజి తాగుతున్నాడు.

"మంత్రమేసే తాత ఉండగా ఆసుపత్రి ఎందుకు, ఆయన చేతిలో ఎంతమంది బతకలేదు" అని అత్త అడిగిందన్నావు. బతికారు, నేనూ చూశాను. కానీ బావా, మనల్ని కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషమున్నది కూడా ఒక్కోసారి కాటేస్తుందే గానీ విషం దింపదు. వాళ్ళంతా మంత్రం ఖాతాలో పడ్డారు. పోయినవాళ్ళకేమో ఆయుష్షు తీరిందన్నాం. ఆ లెక్క ఎవరూ రాయలేదు.

చిన్నాన్నని కరిచింది రక్తపింజర. వంశధార గట్టు పొలానికి నీళ్ళు కట్టడానికెళ్ళాడు. తాత దగ్గర గంటసేపు పోయింది. ఆ గంట గుర్తొస్తే నాకిప్పటికీ నిద్రపట్టదు, ఎందుకంటే తీసుకెళ్ళింది నేనే.

ఆసుపత్రిలో నర్సమ్మ కొంచెం రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసింది. 20 నిమిషాలు ఎవరూ కదపొద్దంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. టైమయ్యాక వంచితే రక్తం నీళ్ళలా జారింది. గడ్డకట్టలేదు, అంటే విషం రక్తంలో కలిసిందన్నమాట. డాక్టరు ఇంకేం ఆలోచించలేదు, పాము విషానికి విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో ఎక్కించాడు. నాకు సైన్సు మీద గురి కుదిరింది అక్కడే. తన మాట తప్పయితే ఆ గొట్టమే చెప్పేస్తుంది. మంత్రానికి అలాంటి గొట్టం లేదు.

ఆ మందు, గుర్రాలకి కొంచెం కొంచెంగా విషమెక్కించి వాటి రక్తం నుంచి తీస్తారు. దానికి కావలసిన విషం చాలావరకు చెన్నై దగ్గర ఇరుళ తెగ వాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వస్తుంది. తరతరాలుగా పాములు పట్టిన చేతులవి. అడవి తెలివి కూడా ఆ సీసాలో ఉంది, అత్తకి ఇది తప్పకుండా చెప్పు. అయినా అది నాలుగు రకాల పాములకే పనిచేస్తుంది. ఒక్కోసారి ఆ మందే ఒంటికి పడదు. కిడ్నీలు దెబ్బతింటాయేమోనని మూత్రం రంగు చూస్తూ ఉన్నారు. బతుకుతాడా అంటే డాక్టరు "ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

ఆ "చెప్పలేం" అన్న మాట మీద పిన్ని తెల్లారేదాకా నిలబడింది. పసుపు గుడ్డలో రూపాయి పెట్టి రాయగడ మజ్జిగౌరమ్మకి ముడుపు కట్టి, పిడికిట్లో పట్టుకునే ఉంది. ఏడవలేదు. కాగితాల మీద సంతకం పెట్టింది, మందులు తెచ్చింది. ఆ ముడుపు విప్పెయ్యమని నేనెప్పటికీ అనను. వచ్చే వారం మొక్కు తీర్చడానికి నేనే తీసుకెళ్తున్నాను.

నిన్న తాత దగ్గరికెళ్ళాను. ఆయన మోసగాడు కాదు, ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోడు. "తాతా, మంత్రం మానెయ్యమనను. ముందు 108కి ఫోన్ చేయించు, బండొచ్చేదాకా నీ మంత్రం వేసుకో" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన మనవడు ఒడియా బడిలో చదువుతున్నాడు, అందుకని తలుపు మీద 108 అని ఒడియా అంకెల్లో కూడా రాసొచ్చాను.

ఉంటాను.