శాతం ఒక్కటే వేస్తే ఎలా?

సంపాదకులు గారికి,

కరోనా మందుల గురించి వార్త వేసినప్పుడల్లా ఆ మందు ఎంత శాతం పనిచేస్తుందో పెద్దక్షరాల్లో వేస్తారు, ఆ లెక్క ఎలాంటి రోగుల మీద తేలిందో, ఎన్నో రోజున మందు మొదలుపెడితే తేలిందో మాత్రం వేయరు. మర్నాడు పొద్దున్నే పేపరు పట్టుకుని వచ్చేవాళ్లకి జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఖమ్మం జిల్లాలో నాదో చిన్న మందుల షాపు.

2022 జనవరిలో మోల్నుపిరవిర్ అనే కరోనా మందు వచ్చింది. పూటకు నాలుగు చొప్పున రోజుకు రెండు పూటలు, ఐదు రోజులకు 40 క్యాప్సూల్స్. ఒక్కోటి 35 రూపాయల్లోనూ దొరికేది, అంటే కోర్సు 1,400. ఆసుపత్రిలో చేరే ముప్పు సగానికి తగ్గుతుందని ముందు అన్నారు, ట్రయల్ పూర్తయ్యేసరికి అది 30 శాతానికి దిగింది. అదైనా టీకా వేసుకోని, పైగా షుగరో ఊబకాయమో లాంటివి ఉన్నవాళ్ల మీద తేలిన లెక్క. నా షాపుకొచ్చినవాళ్లలో చాలామందికి అప్పటికే రెండు డోసులు అయిపోయాయి. ఓ పాతికేళ్ల కుర్రాడు చీటీ లేకుండా వచ్చి, "ఇంట్లో ఐదుగురం అంకుల్, ఐదు కోర్సులు ఇచ్చేయండి, ఎందుకైనా మంచిది" అన్నాడు. ఇవ్వనన్నానని మూడు నెలలు మా మెట్లెక్కలేదు. తర్వాత బ్రిటన్‌లో పాతిక వేల మందికి పైగా, దాదాపు అందరూ టీకా వేసుకున్నవాళ్ల మీదే పనోరమిక్ అనే ట్రయల్ చేస్తే, మందు వాడినా వాడకున్నా ఆసుపత్రి దాకా వెళ్లినవాళ్లు, పోయినవాళ్లు కలిపి నూటికి ఒక్కరే! మందు వాడినవాళ్లు నాలుగు రోజులు ముందు కోలుకున్నారు, అంతే.

అలాగని అన్నీ దండగ అనడం లేదు. ఇజ్రాయెల్‌లో పాక్స్‌లోవిడ్ అనే ఇంకో కరోనా మందు వాడినవాళ్ల లెక్క తీస్తే 65 దాటినవాళ్లలో ఆసుపత్రి చేరికలు 73 శాతం తగ్గాయి, 40 నుంచి 64 ఏళ్ల వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే మందు, వయసు మారేసరికి ఫలితం మారిపోయింది. లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే వేసుకోవాలి, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలకు దానికీ పడదు. ఎవరికి, ఎన్నో రోజులోపు అన్న ఈ రెండు ముక్కలు వార్త కిందే వేస్తే మీకు పోయేదేముంది?

2021 మేలో నాకే ఈ ముక్కలు తట్టలేదులెండి. మా బావగారిని వెంటిలేటర్ మీద పెట్టాక, జబ్బు మొదలైన తొమ్మిదో రోజున, ఆరు రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ వయల్స్ తెమ్మని రాసిచ్చారు. ఎమ్మార్పీ మూడున్నర వేలు కూడా లేని వయల్‌ని బ్లాక్‌లో పాతిక వేలకు కొన్నాను, మందుల షాపు వాడినై ఉండి! ఆసుపత్రిలో చేరినవాళ్లకు అది వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. జబ్బు మొదటి వారంలోనే, ఆసుపత్రిలో చేరకముందే, ముప్పు ఎక్కువున్నవాళ్లకు మూడు రోజులు ఎక్కిస్తే బాగా పనిచేస్తుందని ఆ 2021 చివర్లో తేలింది.

బావగారు బతికి బయటపడ్డారు. ఆ ఇంజెక్షన్లే కాపాడాయని అక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఆక్సిజన్ వల్లో, రోజూ ఎక్కించిన డెక్సా (డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్) వల్లో అయ్యుంటుందనీ, ఒక్క వయల్‌కి పోసిన డబ్బుతో ఆ డెక్సా వార్డు మొత్తానికీ వచ్చేదనీ నేను ఆవిడతో అనలేదు.

ఇట్లు,
ఓ మందుల షాపు యజమాని,
ఖమ్మం జిల్లా