లేఖలో లేఖ: మా ప్రోగ్రాంలో దొర్లిన తప్పు, దాన్ని సరిచేసిన తీరు

మా దగ్గర పుస్తకాలు అచ్చు వేయించుకునే రచయితలందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక పెద్దాయన తన ఆత్మకథ 200 ప్రతులు వేయించుకున్నారు. అందులో ఆయన తండ్రి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఆ ఉత్తరంలోనే, తండ్రికి ఒక స్నేహితుడు రాసిన చిన్న ఉత్తరం కూడా ఉంది. ఉత్తరాలను మేము కాస్త లోపలికి జరిపి, చిన్న అక్షరాల్లో వేస్తాం. పుస్తకంలో చూస్తే, లోపలి ఉత్తరం ముగిసిన చోటే బయటి ఉత్తరమూ ముగిసిపోయింది. తండ్రి రాసిన చివరి రెండు పేరాలు కొడుకు సొంత మాటల్లా అచ్చయ్యాయి. ప్రూఫుల్లో మేమూ పట్టుకోలేకపోయాం. ఆయన కోప్పడలేదు. "ఆ మాటలు నాన్నవి కదా" అన్నారు, అంతే. ప్రతులన్నీ వెనక్కి తీసుకుని మా ఖర్చుతో మళ్ళీ వేశాం.

తప్పు ఆయన ఫైలులో లేదు, మీ ఫైళ్ళను అచ్చు పేజీలుగా మార్చడానికి నేను రాసిన ప్రోగ్రాంలో ఉంది. మీరు ఉత్తరాన్ని [లేఖ] అనే గుర్తుతో మొదలుపెట్టి [/లేఖ] అని ముగిస్తారు. [పద్యం], [బొద్దు] (లావు అక్షరాలు), [వాలు] (పక్కకు వాలిన అక్షరాలు) కూడా అంతే. పాత ప్రోగ్రాం ప్రతి [లేఖ]కూ ఆ తర్వాత మొదట కనిపించిన [/లేఖ]ను జత చేసేది. ఒకదానిలో ఒకటి రానంతవరకు ఇబ్బంది లేదు. వస్తే మాత్రం, ఎన్ని ఉత్తరాల లోపల ఉన్నామో దానికి గుర్తుండదు.

అందుకే ఆ భాగాన్ని స్టాక్‌తో కొత్తగా రాశాను. స్టాక్‌కు మనకు దొంతర అనే చక్కని మాట ఉంది. పళ్ళేల దొంతరలో చివర పెట్టినదే ముందు చేతికొస్తుంది. ఇది కొత్త ఊహ కాదు. జర్మనీలో బావర్, సామెల్సన్ అనే ఇద్దరు 1957లోనే దీనిపై పేటెంటుకు దరఖాస్తు చేశారు.

ఆ ఆత్మకథలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. మొదటి [లేఖ] రాగానే దాని పేరు, లైను సంఖ్య రాసిన చీటీ ఒకటి దొంతర మీద పడుతుంది. రెండో [లేఖ]కు దాని పైన మరో చీటీ. తొలి [/లేఖ] వచ్చినప్పుడు పై చీటీ మాత్రమే పోతుంది, అంటే స్నేహితుడి ఉత్తరం ముగిసింది. తండ్రి చీటీ ఇంకా అడుగున ఉంది కాబట్టి తర్వాతి రెండు పేరాలూ తండ్రివే. ఫైలు పూర్తయ్యేసరికి దొంతర ఖాళీగా ఉండాలి. ఏదైనా మిగిలితే "212వ లైనులో తెరిచిన పద్యం మూయలేదు" అని ప్రోగ్రాం చెప్పగలదు. చీటీ మీద లైను సంఖ్య కూడా రాయడం వల్ల కలిగిన ఈ మేలు నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఒక విషయంలో చాలా ఆలోచించాను. [బొద్దు] తెరిచి, దానిలో [వాలు] తెరిచి, ముందుగా [/బొద్దు] అని రాస్తే ఏం చేయాలి? వెబ్ పేజీలను ఇలాంటి గుర్తులతోనే రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఇలాంటివి వస్తే వెబ్ బ్రౌజర్లు ఎలాగో సర్దుకుని పేజీని చూపిస్తాయి. సమాచారాన్ని ఇలాంటి గుర్తులతోనే రాసే ఎక్స్‌ఎంఎల్ అనే మరో పద్ధతి నియమాలు మాత్రం దాన్ని తప్పుగా లెక్కించి అక్కడే ఆపమంటాయి. నేను ఆపడమే ఎంచుకున్నాను. అచ్చయిన కాగితాన్ని మళ్ళీ దిద్దలేం. మీ మనసులో ఏముందో ప్రోగ్రాం ఊహించడం నాకు ఇష్టం లేదు.

దీనివల్ల మీకు కొంత శ్రమ పెరుగుతుంది. ఇంతకుముందు నేరుగా ప్రూఫు దాకా వెళ్ళిన ఫైళ్ళు కొన్ని ఇకపై లైను సంఖ్యతో మీకే తిరిగి వస్తాయి. మీ రచనలోనే చదరపు బ్రాకెట్లు కావలసివస్తే ప్రస్తుతానికి ఫైలుతో పాటు ఒక మాట రాసి పంపండి, వాటిని మేమే చేత్తో చూసుకుంటాం. ఆ పని ఇంకా ప్రోగ్రాంకు నేర్పలేదు.

పాత ఫైళ్ళన్నిటినీ కొత్త ప్రోగ్రాంలో మళ్ళీ నడిపి చూశాను. మరో మూడు పుస్తకాల్లో ఇదే తప్పు బయటపడింది. ఆ ముగ్గురు రచయితలకూ ఫోను చేసి చెప్పాను. సరిచేసిన పేజీల ప్రూఫులు ఈ వారంలోనే వారికి అందుతాయి. వారు సరేనన్నాక కొత్త ప్రతులు మా ఖర్చుతోనే వేసి ఇస్తాం.